శత్రుప్రేమకు ముప్ఫై మార్కులు

తనకు శత్రువులు లేరన్న సంగతి జ్ఞానసుందరికి నలభై ఆరో ఏట తెలిసింది. తెలిసిన రోజున ఆమె పడ్డ అవమానం అంతా ఇంతా కాదు. ఇన్నేళ్లు ఒక ఊళ్లో కాపురం చేసి, ఒక చర్చిలో కూర్చుని, ఒకే వీధి కుళాయి దగ్గర బిందె పట్టి, చివరికి ఒక్కరి చేత కూడా గట్టిగా ద్వేషించబడలేదంటే మనిషి బతికినట్టా, బతకనట్టా?

ఇదంతా ఎం.ఏ. వల్ల వచ్చింది.

జ్ఞానసుందరి దూరవిద్యలో తత్త్వశాస్త్రం కట్టింది. విశ్వవిద్యాలయం పేరెందుకులెండి, ఒంగోల్లో దానికొక స్టడీ సెంటరుంది. ఆ కోర్సులో ఆఖరి పేపరు 'ఆది క్రైస్తవ బోధనలు: పాశ్చాత్య నైతిక విలువలపై వాటి ప్రభావం'. ఆ పేపరును చూసే ఆమె చేరింది. ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి ఆదివారం మూడో బెంచీలో కూర్చుని విన్నదే కదా, కొత్తగా చదివేదేముంది, వెళ్లి రాసి రావడమే అనుకుంది. వెళ్లి రాసింది. తప్పింది. మళ్లీ రాసింది. మళ్లీ తప్పింది. బోధనల గురించి ఇరవై పేజీలు రాసి పాశ్చాత్యుల సంగతి మర్చిపోయిందట. రెండేళ్ల కోర్సుకు నాలుగేళ్ల గడువు. ఈసారి తప్పితే కట్టిన పేరు కొట్టేస్తారు.

కొట్టేస్తే ఏమైంది అనుకోవచ్చు. ఊళ్లో బాలికల ఉన్నత పాఠశాలలో నీతిబోధ టీచరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. హెడ్‌మిస్ట్రెస్ ఆమెను పిలిచి, జులై దాకా ఆపుతాను, ఎం.ఏ. కాగితం చూపించి చేరండి అని మాటిచ్చింది. ఇరవై మూడేళ్లుగా ఆశీర్వాదంగారి భార్యగా, రేషను కార్డులో రెండో పేరుగా నడిచిన మనిషికి ఒక కుర్చీ, ఒక హాజరుపట్టీ, దానిమీద రోజూ పెట్టుకోవడానికి సొంత సంతకం దొరకబోతున్నాయి. సంతకం అప్పుడే రెండు రకాలుగా సాధన చేసి, పేరు కింద గీత ఉన్నదాన్ని ఖాయం చేసుకుంది కూడా.

ఆ సమయానికి దూరవిద్యా కేంద్రం డైరెక్టరు ఆచార్య గరుడాచలంగారు యూరప్‌లో పదిరోజుల సదస్సు ముగించుకుని దిగారు. దయ, క్షమ, దీనుల పట్ల ఆదరణ, ఆఖరికి ఆసుపత్రి అనే ఆలోచన కూడా తొలినాటి క్రైస్తవుల బోధల్లోంచి పాశ్చాత్యుల నీతిలోకి ఎలా వచ్చి చేరాయో అక్కడ ఆయన భోజనానంతర ఉపన్యాసాల్లో సగం మెలకువతో విన్నారు. టీ విరామంలో ఒక తెల్లావిడ, "మీ విద్యార్థులు వీటిని ఆచరిస్తారా?" అని అడిగింది. ప్రాక్టికల్స్ ఉన్నాయా అని అడుగుతోందని డైరెక్టరుగారికి అర్థమైంది. లేవని చెప్పడానికి దేశాభిమానం అడ్డొచ్చింది. ఉన్నాయన్నారు. తిరిగొచ్చాక ఆడిన మాట తప్పకుండా ప్రాక్టికల్స్ పెట్టారు.

సర్క్యులరు ఇలా వచ్చింది: "విలువలను కేవలం వల్లెవేయుట కాలం చెల్లిన పద్ధతి అని పరిగణించుచూ, అనుభవాత్మక విద్యను ప్రోత్సహించు సదుద్దేశముతో, పై పేపరునందు డెబ్బది మార్కులు లిఖిత పరీక్షకునూ, ముప్పది మార్కులు సద్గుణ ప్రయోగశాలకునూ కేటాయించడమైనది. ఇందు కనీసము పన్నెండు మార్కులు పొందని అభ్యర్థి లిఖిత పరీక్షయందు ఎంత నీతిమంతుడైననూ తప్పినట్లే భావించబడును."

ఏ సెంటరుకు ఏ సద్గుణమో చీటీలు తీశారు. చీరాలకు రోగుల పరామర్శ వచ్చింది. అక్కడి అభ్యర్థులు రోజుకు ముగ్గురు చొప్పున వెళ్లి బత్తాయిలు పెట్టి పరామర్శిస్తుంటే తట్టుకోలేక రోగులు చెప్పకుండా డిశ్చార్జి అయిపోతున్నారని వినికిడి. కందుకూరుకు వినయం వచ్చింది. పరీక్ష రోజున ఇరవై ఎనిమిది మంది గుమ్మం దగ్గర నిలబడి ముందు మీరంటే ముందు మీరనుకుంటూ ఉండిపోవడంతో లోపల పరీక్ష మొదలే కాలేదు. ఒంగోలుకు వచ్చింది శత్రుప్రేమ.

"శత్రువుని ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలమ్మా," అన్నాడు స్టడీ సెంటరు కోఆర్డినేటరు పరాంకుశం, ఫారాలు చేతికిస్తూ. "యూనివర్సిటీ సప్లై చెయ్యదు. పిప్పెట్టో, బ్యూరెట్టో అయితే ఇండెంటు పెట్టి తెప్పిస్తాం. ఇది ప్రాణమున్న మెటీరియలు."

"మావారు పనికొస్తారా అండీ?" అంది జ్ఞానసుందరి. ఇంట్లో ఉన్న వస్తువుతో సరిపెట్టుకోవడం ఆమెకు అలవాటు.

"ఇంతకుముందు ఒక సెంటర్లో ట్రయల్ వేశారమ్మా. ముప్ఫై ఎనిమిది మందిలో ముప్ఫై ఆరుగురు మొగుణ్నో పెళ్లాన్నో తీసుకొచ్చారు. మిగిలిన ఇద్దరికీ పెళ్లి కాలేదు. దాంతో సవరణ వచ్చింది. భార్యాభర్తలు, అత్తాకోడళ్లు, తోటికోడళ్లు, పొలం గట్టు దగ్గర తగాదా ఉన్న అన్నదమ్ములు చెల్లరు."

"వీళ్లందర్నీ తీసేస్తే ఇంకెవరు మిగుల్తారండీ?"

"అదే కదమ్మా పరీక్ష."

ఫారం పేరు శత్రుత్వ ధ్రువీకరణ పత్రం. మూడు కాపీలు. ఇరువైపుల ఫొటోలు. శత్రుత్వం వయసు ఏడాదికి తగ్గకూడదు. ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి స్పృహలో ఉండి, అభ్యర్థిని మనస్ఫూర్తిగా ద్వేషిస్తున్నానని అవతలి వ్యక్తి సంతకం చెయ్యాలి. దానిమీద గెజిటెడ్ ఆఫీసరు ముద్ర పడాలి.

ఇంటికొచ్చి జ్ఞానసుందరి కాగితం, పెన్ను పట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. ఆమె భర్త ఆశీర్వాదం ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఏ దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో వాసన చూసి చెప్పగలడు.

"మేడమీద వాళ్లు," అంది. "తడి దుప్పట్లు మన వాకిట్లోకి కారేట్టు ఆరేస్తారు."

"మొన్న వాళ్ల పిల్ల పుట్టినరోజుకి మనకి కేకు పంపారు. కొట్టెయ్."

"గ్యాసు ఆఫీసులో ఆ అమ్మాయి. ఎప్పుడెళ్లినా కసురుతుంది."

"ఆ పిల్ల అందర్నీ కసురుతుంది. నీకోసం ప్రత్యేకంగా కసరదు."

"పట్టు జాకెట్టు పాడుచేసిన టైలరు. ఆరోజు కొట్లో ఎంత గొడవైందో మీరూ చూశారు కదా."

"పోయిన వారం వెళ్తే నీ పేరేంటమ్మా అని అడిగాడటగా. పేరు తెలియనోడు శత్రువెట్టా అవుతాడే?"

ఇలా ఆమె రాసుకున్న ఏడు పేర్లూ కొట్టేశాక ఆశీర్వాదం జాలిగా చూశాడు. "నీకు శత్రువులెవరుంటారు సుందరీ. నువ్వు మంచిదానివి," అన్నాడు. పెళ్లయ్యాక అతను చేసిన మొదటి పొగడ్త అది. ఆ పొగడ్త ఆమెకు గిట్టలేదు.

"కెజియక్క ఉంది," అంది, అప్పటిదాకా కొంగున దాచుకున్నది తీసినట్టు. "తొమ్మిదేళ్లు."

ఆ తొమ్మిదేళ్లు అనడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

కెజియమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. పద్నాలుగేళ్లుగా చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీ. తొమ్మిదేళ్ల కిందట సమాజం వార్షికోత్సవంలో జ్ఞానసుందరి ఒక ప్రత్యేక గీతం పాడాలి. నాలుగు నెలలు సాధన చేసింది. మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని వెళ్లింది. తీరా అచ్చు వేసిన కార్యక్రమం కాగితంలో ఆమె పేరు లేదు. కెజియమ్మ ఆ కాగితం చూసి ఒక్కొక్కరినీ పిలిచింది. లేని పేరును పిలవలేదు. ఆ సాయంత్రం నుంచి జ్ఞానసుందరి కెజియమ్మతో మాట మానేసింది. ఎదురుపడితే చూపు తిప్పుకోవడం, ఆమె నవ్వితే చెంగు సర్దుకోవడం, ఆమె చేసిన ప్రార్థనకు ఆమేన్ అనకుండా పెదవులు బిగించడం, ఇలా ఒక్క ఆదివారమూ మానకుండా, పెద్ద నిష్ఠతో ఆ కోపాన్ని పెంచి పోషించుకుంటూ వచ్చింది.

మర్నాడు వెళ్లేసరికి కెజియమ్మ వరండాలో కూర్చుని కళ్లజోడు ముక్కుమీదకు జార్చుకుని కరివేపాకు దూస్తోంది.

"రా సుందరీ. కూర్చో. ఏంటిట్టా వచ్చావ్?"

నోరు విప్పడం తొమ్మిదేళ్ల తర్వాత కాబట్టి కొంచెం గంభీరంగా ఉండాలని జ్ఞానసుందరి అనుకుంది. "మనం మాట్లాడుకోవడం లేదు కదక్కా. దాని గురించే వచ్చాను."

కెజియమ్మ చేతిలోని రెమ్మ కింద పెట్టింది. "మనం మాట్లాడుకోవట్లేదా?"

"తొమ్మిదేళ్ల నుంచి."

"అదేంది. నీకు మెడకి ఆపరేషనైందని ఎవరో అన్నారు. గొంతు రావట్లేదు కాబోలు, పలకరించి ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నా."

"ఆపరేషను మా ఆడపడుచుకి."

"ఓహో," అంది కెజియమ్మ. "మరి నీ గొంతు బాగానే ఉందా?"

తొమ్మిదేళ్లు ఒకే ఇంటికి ఉత్తరాలు రాసి, ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదని ఇప్పుడు తెలిస్తే ఎలా ఉంటుందో జ్ఞానసుందరికి అలా ఉంది. అయినా పని మీద వచ్చింది కాబట్టి అచ్చు కాగితం సంగతి, ఆ సాయంత్రం సంగతి, ఎం.ఏ. సంగతి, ఫారం సంగతి వరసగా చెప్పింది. కెజియమ్మ ఫారాన్ని రెండువైపులా చదివింది.

"ద్వేషిస్తున్నానని రాసివ్వాలా? నేనా? ఇంకో రెణ్నెల్లలో సమాజం ఎలక్షన్లున్నాయి. సెక్రటరీకి శత్రువుందని గెజిటెడ్ ఆఫీసరు ముద్రేసిస్తే చర్చిలో నేను తలెత్తుకుని తిరగొద్దూ? కావాలంటే మంచిదానివని రాసిస్తా."

"మంచిదాన్నని రాస్తే మార్కులు రావక్కా."

కెజియమ్మ ఫారం మడిచి తిరిగిచ్చేసింది. లేచి వెళ్తుంటే చారెడు కరివేపాకు కూడా చేతిలో పెట్టింది. శత్రువు కోసం వెళ్లి కరివేపాకుతో తిరిగొచ్చిన అభ్యర్థి ఒంగోలు సెంటరు మొత్తంలో జ్ఞానసుందరి ఒక్కతే.

ఈలోపు ఊళ్లో శత్రువులకు కరువొచ్చింది. జ్ఞానసుందరి బ్యాచిలో కానిస్టేబుల్ మస్తాన్ ఒకడున్నాడు. శత్రువులకు లోటు లేదు కానీ అందరూ సబ్ జైల్లో ఉన్నారు, పరీక్షకు బయటికి వదలరు. ఒక లెక్చరరుగారు తన డిపార్టుమెంటు మొత్తాన్ని తీసుకొస్తానన్నాడు. ఒక్కరే చెల్లుతారు, మిగతావాళ్లని వేరే అభ్యర్థులకు ఇవ్వమన్నారు. సెంటరు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపతను తన మేనమామను పదకొండు మందికి శత్రువుగా పెట్టాడు. ఆయన సాత్వికుడు, ఎవరి పేరు చెప్పినా చిరునవ్వు నవ్వేవాడు. తనిఖీకి వచ్చిన స్క్వాడు ఆ నవ్వు చూసి పట్టేసింది. దాంతో డైరెక్టరుగారు 'శత్రుత్వ నాణ్యతా నిర్ధారణ సంఘం' వేశారు. ఇద్దరు సభ్యులు ఇల్లిల్లూ తిరిగి, "ఫలానావారు ఫలానావారిని తిట్టగా మీరు స్వయముగా వింటిరా?" అని ఇరుగుపొరుగుల్ని అడిగి రాసుకోసాగారు. ఇన్నాళ్లూ పక్కింటి గొడవలు ఊరికే వింటున్నవాళ్లు ఇప్పుడు సాక్షులై, రావాల్సిన గౌరవం వచ్చినందుకు సంతోషించారు.

దరఖాస్తు గడువుకు ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున్నే కెజియమ్మ జ్ఞానసుందరి గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రండక్కా. కాఫీ కలపనా?"

"శత్రువింట్లో కాఫీ తాగను," అంది కెజియమ్మ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "నాలుగు రోజుల్నించి కంటికి కునుకు లేదే నాకు. తొమ్మిదేళ్లు. ప్రతి శుక్రవారం ప్రార్థన కూడికలో నీ గొంతు కోసం ప్రార్థన పెట్టించా. పేరు పెట్టి. ఆడంగులందరం మోకాళ్ల మీద ఉండి. నీ గొంతు ఏనాడూ పాడవకుండా ఉందన్నమాట. నువ్వు అదే బెంచీలో నా పక్కన కూర్చుని, ఒకే పళ్లెంలో రొట్టె తీసుకుంటూ, లోపల్లోపల నన్ను తిట్టుకుంటున్నావన్నమాట."

"అక్కా, అది..."

"ఇటియ్యి ఫారం. ఇప్పుడు నిజంగానే మండుతోంది నాకు. అబద్ధం రాసినట్టు కాదు."

సంతకం ఎంత గట్టిగా పెట్టిందంటే, కింద రెండు కాపీలకు కార్బన్ అక్కర్లేకపోయింది. దాన్ని చూసి జ్ఞానసుందరికి మొదట ఊరట కలిగింది. తర్వాత తన్ను ఇంత గట్టిగా పట్టించుకున్న మనిషి ఒకరు దొరికినందుకు సంతోషం కూడా కలిగింది. ఆ రెండూ అయిపోయాక అక్క ఎలక్షన్ల సంగతి గుర్తొచ్చింది కానీ, దరఖాస్తు తొందరలో దాన్ని పక్కన పెట్టింది.

పరాంకుశం ఫారం చూసి తల గోక్కున్నాడు. "మీ వైపు నుంచి తొమ్మిదేళ్లు. ఆవిడ వైపు నుంచి నాలుగు రోజులు. ఏడాది నిండాలంటారు కదమ్మా." కాసేపు లెక్క వేశాడు. "పోనీ, సగటు తీద్దాం. నాలుగున్నర ఏళ్ల చిల్లర. చెల్లుద్ది."

పరీక్ష జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పెట్టారు. ప్రాక్టికల్స్ జరిపించడం తెలిసినవాళ్లు విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ వాళ్లే కాబట్టి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా వరాహమూర్తిగారు వచ్చారు. ముప్ఫై ఏళ్లు పిల్లల చేత లవణాలు గుర్తుపట్టించిన మనిషి. ఆచారం ప్రకారం ఆయన భోజనం అభ్యర్థులదే. జ్ఞానసుందరి వంతుకు నాటుకోడి పులుసు వచ్చింది. ఆవిడ రికార్డు పుస్తకం ఎర్ర అట్ట వేసి, ఉద్దేశం, కావలసిన పరికరాలు, పద్ధతి, పరిశీలన అని గీతలు కొట్టి తెచ్చింది. పరికరాల దగ్గర 'శత్రువు (1)' అని రాసింది.

"ప్రతి టేబులు దగ్గరా ఒక అభ్యర్థి, ఒక శత్రువు," అని వరాహమూర్తిగారు ప్రకటించారు. "శత్రువులు మొదట తమ శత్రుత్వానికి సున్నా నుంచి పది దాకా ప్రారంభ రీడింగు వేస్తారు. అభ్యర్థులు ఇరవై నిమిషాలు ప్రేమించాలి. తర్వాత తుది రీడింగు. తేడాకు ఒక్కో పాయింటుకు మూడు మార్కులు. టేబుళ్ల మధ్య సంప్రదింపులు నిషిద్ధం."

కెజియమ్మ పది వేసింది. కుదిరితే పదకొండు వేసేలా ఉంది.

గంట కొట్టారు. చుట్టూ ప్రేమ మొదలైంది. పక్క టేబులు దగ్గర లెక్చరరుగారు తన హెడ్డును, "మీ పరిశోధన చాలా లోతైందండీ," అంటున్నాడు. ఆ హెడ్డు అనుమానంగా చూస్తున్నాడు. జ్ఞానసుందరి రాత్రంతా బట్టీ పట్టిన వాక్యాలు మూడున్నాయి. మొదటిది నోటిదాకా వచ్చింది. ఎదురుగా కెజియమ్మ చేతులు కట్టుకుని, పేషెంటు నాడి చూసేటప్పటిలాగా నిదానంగా కూర్చుని ఉంది.

"అక్కా," అంది జ్ఞానసుందరి, "ఆ కాగితంలో నా పేరు ప్రెస్సువాళ్లు వదిలేశారు."

"నాకు తెలుసు. నేనే రాసిచ్చా కదా నీ పేరు."

"నాకూ తెలుసు. రెండో ఏడే తెలిసింది. ప్రెస్సాయన భార్య చెప్పింది."

కెజియమ్మ కళ్లజోడు తీసింది. "మరి ఇంకో ఏడేళ్లు ఎందుకే?"

జ్ఞానసుందరి టేబులు మీద పాత యాసిడ్ మచ్చను గోటితో గీకింది. "అప్పటికి అలవాటైపోయిందక్కా. ఇంట్లో అన్నీ ఆయనవో, పిల్లలవో. ఆ కోపం ఒక్కటే నాది. ఆదివారం చీర కట్టుకుంటుంటే, ఇవాళ మీకు మొహం తిప్పుకోవాలి అనుకుంటే ఒక పనున్నట్టుండేది. అది వదిలేస్తే చర్చికి ఊరికే వచ్చినట్టుంటుందని..." గీకడం ఆపింది. "తప్పు నాది. మీరు నాకోసం మోకాళ్ల మీద ఉంటే నేను మీ మీద కోపాన్ని ఇస్త్రీ చేసి దాచుకున్నా."

కెజియమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది జ్ఞానసుందరి. నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "ఇస్త్రీ చేసి," అంది, "దిక్కుమాలిందానా." తుది రీడింగు గడిలో సున్నా చుట్టింది.

వరాహమూర్తిగారు ఆ సున్నా చూసి కళ్లజోడు సవరించుకున్నారు. "మిగతా టేబుళ్లలో తేడా నాలుగు, మహా అయితే ఐదు. ఇక్కడ పదికి పది దిగిందా? ముప్ఫై ఏళ్ల సర్వీసులో చెబుతున్నానమ్మా, రంగు ఇంత తొందరగా మారిందంటే అందులో ముందే ఏదో కలిపారన్నమాట. మీరిద్దరూ స్నేహితులు. శత్రువు వేషంలో స్నేహితురాలిని ప్రవేశపెట్టుట ఏడో నిబంధన కింద మాల్‌ప్రాక్టీసు."

"ఇప్పుడే అయ్యామండీ స్నేహితులం," అంది జ్ఞానసుందరి.

"ఇప్పుడే అని రుజువేంటి?"

రుజువు లేదు. మాల్‌ప్రాక్టీసు ఫారం గులాబీ రంగులో ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. నాలుగేళ్లు, జులై, హాజరుపట్టీ, పేరు కింద గీత అన్నీ ఆ గులాబీ రంగులో కలిసిపోతుండగా కెజియమ్మ గొంతు వినిపించింది.

"పాసు కావాలంటే ఎంత దిగాలండీ?"

"నాలుగు పాయింట్లు."

కెజియమ్మ పెన్ను తీసుకుని సున్నాను కొట్టేసి ఆరు వేసింది. పక్కన పొట్టి సంతకం పెట్టింది. "ఆలోచిస్తే ఇంకా కొంత ఉందండి లోపల. ఒక ఆరు దాకా ఉంటుంది."

"ఇది నమ్మదగిన రీడింగు," అన్నారు వరాహమూర్తిగారు తృప్తిగా. పన్నెండు మార్కులు వేసి నాటుకోడి వైపు నడిచారు.

ఆ వెంటనే లిఖిత పరీక్ష కూడా, ఈసారి పాశ్చాత్యుల్ని మర్చిపోకుండా, రాసేసింది. అక్కడితో అయిపోతే బాగుండేది. వారానికి ఇంకో సర్క్యులరు వచ్చింది. "తుది రీడింగునందు నమోదైన నిల్వ శత్రుత్వము యథాతథముగా కొనసాగుచున్నదీ లేనిదీ పరిశీలకుడు ఆకస్మిక తనిఖీ ద్వారా నిర్ధారించును. నిల్వయందు తరుగు కనబడినచో ఫలితము రద్దగును." అంటే ప్రొవిజనల్ సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా ఇద్దరూ ఆరు పాయింట్ల మేరకు గిట్టకుండా ఉండాలి.

తొమ్మిదేళ్లు శ్రమపడి మాట్లాడకుండా ఉన్న జ్ఞానసుందరికి ఇప్పుడు మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో తెలిసింది. చెప్పుకోవలసినవి తొమ్మిదేళ్లవి పేరుకుపోయి ఉన్నాయి. రైతుబజారులో కెజియమ్మ ఒక గంప దగ్గర కూర్చుని, వంకాయలతో చెబుతున్నట్టు, "మోకాళ్ల నొప్పులు తగ్గలా," అనేది. పక్క గంప దగ్గర జ్ఞానసుందరి బెండకాయ తుంచుతూ, "నువ్వుల నూనె రాయాలి," అనేది. కూరలమ్మే మనిషి ఇద్దర్నీ మార్చిమార్చి చూసి గంప కొంచెం వెనక్కి జరుపుకునేది.

చర్చిలో మాత్రం సంగతి పొక్కింది. ముద్రేసిన తహసీల్దారాఫీసు గుమాస్తా కూడా ఆ చర్చివాడే. తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడని శత్రుత్వం, చచ్చిపోయాక అందరి కంటా పడింది. సెక్రటరీ ఒకామెను ద్వేషిస్తోందట, రాతపూర్వకంగా ఇచ్చిందట అని బెంచీ బెంచీకి పాకింది.

స్త్రీల సమాజం ఎన్నికలున్న ఆదివారం. ఆరాధన మధ్యలో వెనక బెంచీలోకి చంకలో ఫైలుతో ఒక పొట్టి మనిషి వచ్చి కూర్చున్నాడు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు కాబట్టి పరిశీలకుడని జ్ఞానసుందరి పోల్చుకుంది. సరిగ్గా ఆ రోజే పాస్టరు ఇశ్రాయేలు అయ్యగారు ఈ సంగతి తేల్చాలనుకున్నారు. క్షమ గురించి నలభై నిమిషాలు చెప్పి, చెమట తుడుచుకుని, "సంఘంలో ఇద్దరు సహోదరీల మధ్య ఒక గోడుంది," అన్నారు. "దాన్ని ఇవాళ పడగొడదాం. కెజియమ్మగారూ, సుందరమ్మా, ముందుకొచ్చి చేతులు కలపండమ్మా."

ఇద్దరూ ముందుకు వెళ్లారు. వెనక పెన్ను మూత తీసిన చప్పుడైంది.

జ్ఞానసుందరి కెజియమ్మ మొహం చూసింది. చెయ్యి కలిపితే ఎం.ఏ. పోతుంది, కుర్చీ పోతుంది. కలపకపోతే పోయేది తనది కాదు, ఎదుటి మనిషి పరువు, సెక్రటరీ పదవి. ఈ లెక్క ఫారం నింపించుకున్న రోజునే వేసుకోవలసింది. పోతే పోయిందిలే అనుకుని చెయ్యి చాచింది.

కెజియమ్మ ఆ చేతిని పట్టుకోలేదు. సూది వేసేముందు పేషెంటును కదలొద్దని చూసే చూపు ఒకటి చూసింది. ముప్ఫై ఐదేళ్ల సర్వీసున్న చూపు అది. జ్ఞానసుందరి కదల్లేదు.

"నావల్ల కాదండి అయ్యగారూ," అంది కెజియమ్మ, వెనక బెంచీకి కూడా వినబడేట్టు. "నేను క్షమించలేను." వెళ్లి తన చోట కూర్చుంది.

మధ్యాహ్నం ఎన్నిక చేతులెత్తి జరిగింది. పద్నాలుగేళ్ల సెక్రటరీకి తొమ్మిది చేతులే లేచాయి, పదవి పోయింది. పరిశీలకుడు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నాడు. పదోది కావలసిన చెయ్యి ఒళ్లో, రెండో చేతి కింద ఉండిపోయింది. నీతిబోధ టీచరు కాబోతున్న మనిషి చెయ్యి అది.

బయట పరిశీలకుడు కెజియమ్మ దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు. "చాలా చక్కగా నిలబెట్టారమ్మా. మీ సెంటర్లో మిగతావాళ్లు పట్టుమని పది రోజులు కాకుండానే కలిసిపోతున్నారు. క్రమశిక్షణ లేదు. మీ పేరు యూనివర్సిటీ శాశ్వత శత్రువుల ప్యానెల్‌కి సిఫారసు చేస్తున్నా." జ్ఞానసుందరి వైపు తిరిగి, "మీది సంతృప్తికరం అని రాశానమ్మా. పదిహేను రోజుల్లో ప్రొవిజనల్ వస్తుంది. అప్పటిదాకా ఇలాగే ఉండండి," అన్నాడు.

అతను వెళ్లి బస్టాపులో నిలబడ్డాడు. బస్సు రాలేదు. ఎండ మండిపోతోంది. కెజియమ్మ గొడుగు తీసి రోడ్డుకు కుడివైపున నడక మొదలుపెట్టింది. ఆమె మోకాలు నొప్పి వల్ల నాలుగడుగులకొకసారి ఆగుతోంది. జ్ఞానసుందరి రోడ్డు దాటబోయింది.

"ఆ పక్కనే ఉండు," అంది కెజియమ్మ, గొడుగులోకి చూస్తూ. "ఇంకా పదిహేను రోజులే."

జ్ఞానసుందరి ఆ పక్కనే ఉంది. కెజియమ్మ ఆగినప్పుడల్లా తనూ ఆగి చెప్పు సర్దుకుంది. అలా ఇద్దరూ రోడ్డుకు చెరోవైపు, ఒకే వేగంతో, ఒకరినొకరు ఎంతో జాగ్రత్తగా చూసుకోకుండా ఇంటిదాకా నడిచారు.